బడి వంటల పుస్తకం మళ్ళీ అచ్చుకి: బొబ్బిలి పని డైరీ

సంక్రాంతి వెళ్ళిన వారం

చేతిలో ఉన్నది సైక్లోస్టైల్ తీసిన పుస్తకం, అంటే మైనపు స్టెన్సిల్ కాగితం మీద రాసి, దాన్నుంచి సిరాతో ప్రతులు తీసింది. ఫుల్‌స్కేప్ కాగితాలు సగానికి మడిచి మధ్యలో దారంతో కుట్టారు. బొబ్బిలిలో మేం చదివిన ఆడపిల్లల బడిలో ఒకప్పుడు టీచర్లూ పిల్లల తల్లులూ కలిసి, ఇళ్ళల్లో చేసుకునే వంటలు రాసి, ఈ పుస్తకం అమ్మి, ఆ డబ్బుతో బడికి వంటపాత్రలు కొన్నారట. మా అప్ప (అక్క) అప్పుడక్కడే చదివేది. అలా ఒక ప్రతి మా ఇంటికి చేరింది. స్టెన్సిల్ మీద చేత్తోనే రాశారు. మూడు నాలుగు దస్తూరీలు తెలుస్తున్నాయి. ఒకావిడ అరసున్నలు కూడా వదలకుండా రాసింది. 17 నుంచి 20 దాకా పేజీలు లేవు.

ఏం చెయ్యాలన్నది ముందే అనుకున్నాం. ఉన్నదున్నట్టు టైపు చెయ్యాలి. ప్రతి వంటా వండి చూశాకే అచ్చుకి పంపాలి, పాత కొలత కింద ఇప్పటి తూకం రాయాలి. మూడోది, రాసినావిడ పేరు కనుక్కుని వెయ్యాలి. ఎందుకంటే ఈ పుస్తకంలో ఒక్క తల్లి పేరూ లేదు. వంట కింద "6-ఎ విద్యార్థిని తల్లి", "9-బి విద్యార్థిని తల్లి" అని ఉంటుంది, అంతే. హెడ్మిస్ట్రెస్ గారి పేరుంది, కాగితం విరాళమిచ్చిన షావుకారు పేరుంది, స్టెన్సిళ్ళ నుంచి ప్రతులు తీసిపెట్టిన గుమాస్తా పేరు కూడా చివర్లో చిన్నగా ఉంది. వండినవాళ్ళ పేర్లే లేవు. ఈ పని ఇన్నాళ్ళు వాయిదా వేసినదాన్ని ఇప్పుడు పట్టు పట్టి కూర్చోడానికి అదే కారణం. ఆ తల్లుల్లో చాలామంది ఎనభై దాటారు.

ఏ సంవత్సరంలో వేశారో అట్ట మీద లేదు. అడ్రసులో "బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా" అని ఉంది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోవే. కాబట్టి 1979కి ముందుది. వెల "75 పైసలు". 1957లో దశాంశ నాణేలు వచ్చినప్పుడు వాటిని నయాపైసలన్నారు, ఆ "నయా" తీసేసింది 1964లో. అంటే 1964 తర్వాతిది. పిన్‌కోడ్ లేదు. పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. వచ్చిన కొత్తలో అందరూ రాసేవారని కాదు గానీ, బడి ముద్ర మీద కూడా లేదంటే అంతకుముందుదే అనుకోవచ్చు. 1964కీ 1972కీ మధ్యదని ముందుమాటలో వేస్తాం.

అదే నెల, కొలతల పని

పుస్తకంలో ఒక పేజీలో గ్రాములు, పక్క పేజీలో వీశలు. మెట్రిక్ తూనికలు 1958లో మొదలై 1962కి తప్పనిసరి అయ్యాయి గానీ వంటింటికి అంత తొందరేముంది! టీచర్లు రాసినవాటిలో గ్రాములున్నాయి, తల్లులు రాసినవాటిలో పలాలూ సోలలూ ఉన్నాయి.

తూకం సులువుగానే తేలింది. వీశకి 40 పలాలు, 120 తులాలు. తులం 11.66 గ్రాములు కాబట్టి పలం 35 గ్రాములు, వీశ 1,400 గ్రాములు. పుస్తకంలో బెల్లం, నూనె, చింతపండు ఎక్కువగా పలాల్లోనే ఉన్నాయి, వాటికి ఇక ఇబ్బంది లేదు.

చిక్కంతా సోల దగ్గర. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఈ లెక్క అందరిదీ ఒకటే, గిన్నెలు మాత్రం ఒకటి కావు. మా ఇంట్లో ఇత్తడి సోల ఉంది. నాతో చదువుకున్న స్నేహితురాలి అత్తగారి దగ్గర ఇంకో సోల ఉంది. ఆవిణ్ణి మేమందరం పెద్దమ్మ అంటాం. రెండింట్లో నీళ్ళు పోసి తూస్తే ఆవిడ సోల కాస్త పెద్దది. "మాది కొలిచి తీసుకునే సోల, మీది కొలిచి పెట్టే సోలేమో" అంది పెద్దమ్మ. పాలేళ్ళకి గింజలు కొలిచిన రోజులవి, ఆ మాట నవ్వి వదిలేసేది కాదు.

కాబట్టి సోలలో ఉన్నవాటికి గ్రాములు కట్టడం లేదు. పాళ్ళు వేస్తున్నాం: బియ్యం ఒక సోలైతే పప్పు గిద్ద అని. ఏ గిన్నెతో కొలిచినా వంట కుదురుతుంది. ఉప్పు, ఇంగువ, ఆవాలు మాత్రం తూచి రాస్తాం. "చారెడు", "గుప్పెడు", "పిడికెడు" ఉన్నచోట ముగ్గురి చేత వేరువేరుగా తీయించి తూశాం. చారెడు మినప్పప్పు ముగ్గురి చేతుల్లోనూ ఇంచుమించు ఒకటే వచ్చింది. గుప్పెడు కరివేపాకు మాత్రం ఒకరికొకరికి పోలిక లేదు, అది అలాగే "గుప్పెడు" అని ఉండిపోతుంది. కరివేపాకు కాస్త ఎక్కువైతే వచ్చే నష్టమూ లేదు.

మాఘం, పాకుండలు

కొత్త బెల్లం ఉండగానే ఇది తేల్చెయ్యాలని ముందు పెట్టుకున్నాం. పేజీలో ఉన్నది మొత్తం ఇంతే: "బియ్యం వీశ, బెల్లం 25 పలాలు, కొబ్బరికాయ ఒకటి, నువ్వులు చారెడు, ఏలకులు. తడిపిండి కొట్టి, పాకం సరిగా వచ్చాక పిండి కలిపి, ఉండలు చేసి నూనెలో వేపవలెను. 6-ఎ విద్యార్థిని తల్లి."

అంటే 1,400 గ్రాముల బియ్యానికి 875 గ్రాముల బెల్లం. మేం నాలుగో వంతు చేశాం: బియ్యం 350, బెల్లం 220.

తూకం వచ్చింది, కానీ పాకుండలు తెలియనివాళ్ళు ఈ పేజీ చూసి చెయ్యలేరు. రాసినావిడ దృష్టిలో చదివేది పెళ్ళీడుకొస్తున్న పిల్ల. సంక్రాంతికి అమ్మ పక్కన కూర్చుని చూసిన పిల్ల. ఆ పిల్లకి బియ్యం ఎంతసేపు నానాలో, ఏ పాకమో చెప్పక్కర్లేదు. ఇప్పుడు చదవబోయేవాళ్ళలో ఎక్కువమంది అలా చూసినవాళ్ళు కారు. పెద్దమ్మని అడిగితే, "తడిపిండంటే తడిపిండే కదమ్మా, ఇందల రాయడానికేటుంది?" అంది. అందుకే అడగడం మానేసి, ఆవిడ చేస్తుంటే పక్కన కూర్చుని రాసుకున్నాను.

బియ్యం ముందురోజు పొద్దున్న పోసి ఒక పూర్తి రోజు నానబెట్టింది, మధ్యలో నీళ్ళు మార్చింది. మర్నాడు వార్చి గుడ్డ మీద పరిచింది గానీ ఆరనివ్వలేదు. గుప్పిట్లో పట్టుకుంటే చెయ్యి చల్లగా ఉండాలి, చుక్క కారకూడదు. మామూలు పిండిమిల్లు వాళ్ళు తడిబియ్యం పట్టరు, పండగ రోజుల్లో వేరే పెట్టే తడిపిండి మిల్లు ఇప్పుడు లేదు, అందుకని రోట్లో దంచాం. జల్లించిన పిండి ఆరిపోకుండా నొక్కి, తడిగుడ్డ కప్పింది. పొడిపిండితో కూడా కొంచెం విడిగా చేసి చూశాం. అది పాకాన్నంతా పీల్చేసి, వేగాక రాయిలా గట్టిపడింది. పిండిలో తడి ఉండబట్టే లోపల మెత్తగా ఉడుకుతుంది. ఇది పేజీ కింద కచ్చితంగా వెయ్యాలి.

బెల్లం కొద్ది నీళ్ళలో కరిగించి వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఇసుక, చెరుకు పీచు అడుగున ఎంత మిగిలిందో చూస్తే వడకట్టడం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. అనకాపల్లి మార్కెట్టు నుంచి వచ్చే వాటిల్లో ముదురు రంగుది తీసుకున్నాం. తెల్లగా మెరిసేదానికి పాకం వచ్చింది గానీ ఆ వాసన లేదు.

పాకం దగ్గర నేను థర్మామీటరు పెట్టాను. పంచదార పాకంలో మెత్తటి ఉండ కట్టే దశ 112 నుంచి 116 డిగ్రీల మధ్య. పెద్దమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసుకుని చుక్క వేసి చూస్తోంది. ముందు చుక్క నీళ్ళలో పరుచుకుపోయింది. తర్వాతది వేలికి అందింది గానీ నిలవలేదు. ఇంకోసారి వేసి, వేళ్ళతో ఉండ చేసి, పళ్ళేనికి కొడితే అతుక్కుని ఉండిపోయింది. "దించెయ్" అంది. మీటరు 114 చూపిస్తోంది. "గడియారంలాటిదేటో పాకంలో ముంచినావు, ఏటంతాది అది?" అని అడిగింది. మీ వేలి మాటే చెప్తోంది పెద్దమ్మా అన్నాను. రెండూ వేస్తున్నాం, నీళ్ళ పళ్ళెం ముందు, డిగ్రీలు తర్వాత. థర్మామీటరు లేని ఇల్లుంటుంది, పళ్ళెం లేని ఇల్లుండదు.

దించాక కొబ్బరిముక్కలు, నువ్వులు, ఏలకుల పొడి వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. ఉన్న పిండంతా పొయ్యకూడదు. గరిటె నిలబడే లోపే ఆపాలి, చల్లారాక అదే బిగుస్తుంది. చేతికి నెయ్యి రాసుకుని నిమ్మకాయంత ఉండలు. నూనె మరీ కాగితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది కాబట్టి మధ్యస్థపు మంట. మర్నాటికి ఇంకా బాగున్నాయి.

ఈ పేజీ తయారైంది. పేరు తప్ప.

శివరాత్రి దగ్గర, బెల్లం పులుసు

సాలూరు వైపు నుంచి కొత్త చింతపండు దిగింది. ఏజెన్సీలో చింతపండు మాఘ ఫాల్గుణాల్లోనే కొడతారు. 1956లో పెట్టిన గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ సంతల్లో కొనేవాటిల్లో ఇదీ ముఖ్యమైనది. పాతదానితో, కొత్తదానితో విడివిడిగా పులుసు పెట్టాం. కొత్తది ఎర్రగా, పులుపు తేటగా ఉంటుంది. ఏడాది నిలవున్నది నల్లబడి, రసం చిక్కగా దిగుతుంది, బెల్లం ఎక్కువ అడుగుతుంది. "నిమ్మకాయంత చింతపండు" మా తూకంలో 30 గ్రాములు. పాతదైతే 25 చాలు. పుస్తకంలో "బెల్లం తగినంత" అని వదిలేసింది ఇందుకేనని నాకిప్పుడు అర్థమైంది.

ముక్కలు: తియ్య గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, వంకాయ, బెండకాయ, చిన్న ఉల్లిపాయలు. చిలగడదుంప, ములక్కాడ ముందు వెయ్యాలి, బెండకాయ చివర్న. బియ్యప్పిండి చల్లనీళ్ళలో కలిపి, ముక్కలన్నీ ఉడికాక పోసి, పచ్చివాసన పోయేదాకా మరగనివ్వాలి. పోపులో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ. ముద్దపప్పు అన్నంలోకి పోసుకుంటే ఇక ఇంకో కూర అక్కర్లేదు. మా ఇంట్లో నలుగురూ మారు మాట్లాడకుండా తిన్నారు. ఈ పేజీలో మార్చేదేమీ లేదు, రాసినావిడ వరసంతా రాసింది. బహుశా టీచరై ఉంటుంది.

ఫాల్గుణం, పేర్ల వేట

ఈ వారాలన్నీ వంట లేదు, తిరుగుడే.

బడివాళ్ళు పాత అడ్మిషను రిజిస్టర్లు మా చేతికి ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. కానీ ఆఫీసులో ఉన్నాయన ఓపిగ్గా కూర్చుని మేమడిగినవి చూసి చెప్పాడు. ఆ రిజిస్టర్లో పిల్ల పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, ఊరు గళ్ళున్నాయి. తల్లి పేరుకి గడి లేదు. తరగతి, సెక్షను తెలిసినా ఏ పిల్ల తల్లి రాసిందో తేలదు.

అందుకని వంటలోంచి వెతకడం మొదలెట్టాం. ఉల్లిపాయా వెల్లుల్లీ లేని కూరలు ఒక వైపు పెట్టాం. తెలగపిండి (నువ్వుల నూనె ఆడాక మిగిలే పిండి) వంట రాసినావిడ "మన గానుగది" అని రాసింది, అంటే గానుగ ఉన్న ఇల్లు. అలాంటివి ఆ రోజుల్లో ఊళ్ళో ఎన్నుంటాయి? పెద్దవాళ్ళని అడిగితే వీధి చెప్పారు, వీధిలో అడిగితే ఇల్లు చెప్పారు. ఆవిడ లేరు. కోడలుంది. పేజీ ఫొటో చూపించగానే, "మా అత్తగారు ఉప్పుకి 'పు' వత్తు ఇలగే రాసీవోరు" అని లోపలికెళ్ళి పాత చిట్టా పుస్తకం తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే దస్తూరీ. ఆ ఇంటివాళ్ళు పేరు వెయ్యడానికి సంతకం పెట్టి ఇచ్చారు.

రాయగడలో స్థిరపడిన ఒకావిడ ఫోన్‌లో దొరికింది, తొంభైకి దగ్గరలో ఉన్నారు. అరటిపువ్వు కూర తనదేనని చెప్పి, పుస్తకంలో లేని ఒక సంగతి చెప్పారు: పువ్వులో కేసరం, పొర తీశాక మజ్జిగ నీళ్ళలో వెయ్యకపోతే కూర నల్లబడుతుందని. పేరెలా వెయ్యమంటారని అడిగితే, పుట్టింటి పేరుతో వెయ్యమన్నారు. వంట నేర్చుకున్నది అక్కడే కదా అన్నారు. అలాగే వేస్తున్నాం.

ఒక నియమం పెట్టుకున్నాం: ఆవిడ గానీ, ఆవిడ పిల్లలు గానీ ఒప్పుకుంటేనే పేరు. ఒప్పుకోకపోతే పాత పుస్తకంలో ఉన్నట్టే. ఊహించి వేసేది ఒక్కటీ ఉండదు. ఆరో తరగతి పాకుండలావిడ కోసం ఇంకా వెతుకుతున్నాం.

ఉగాది ముందు, పనసపొట్టు

ఆవపెట్టిన కూరలు పుస్తకంలో మూడున్నాయి, పనసపొట్టు ఒకటి వండితే మూడింటికీ సరిపోతుంది. లేత పనసకాయ పొట్టు బజార్లోనే కొట్టించి తెచ్చాం. ఇంట్లో కొట్టుకునేవాళ్ళ కోసం ఒక ముక్క చేరుస్తాం, కత్తికీ చేతికీ నూనె రాసుకోవాలి, లేకపోతే ఆ జిగురు వదలదు.

పొట్టు పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు పులుసు పోసి, చనగపప్పు మినప్పప్పు ఎండుమిర్చి కరివేపాకు పోపులో మగ్గించాలి. అసలు సంగతి ఆవ దగ్గరుంది. పుస్తకంలో "ఆవ నూరి కలపవలెను" అని మాత్రమే ఉంది. ఎప్పుడు కలపాలి? పొయ్యి మీద ఉండగా కలిపిన గిన్నెలో ఘాటు లేదు, వెనకాల చేదు మాత్రం ఉంది. దించి, ఆవిరి తగ్గాక కలిపిన గిన్నెలో ముక్కుకెక్కింది.

మా సైన్సు టీచరు గారికి ఫోన్ చేస్తే వివరంగా చెప్పారు. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందులోని మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొడితే ఆ ఘాటునూనె పుడుతుంది. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో ఎగిరిపోతుంది. కాబట్టి చల్లనీళ్ళతో నూరి, ఓ పది నిమిషాలు పక్కన పెట్టి, దించిన కూరలో కలపాలి. పాఠం చెప్పినంత ఉత్సాహంగా చెప్పారు. ఆ తొమ్మిది పది వాక్యాలూ ఆవిడ పేరుతోనే మూడు కూరల ముందు ఒక పేజీగా వేస్తాం.

ఎండలు ముదిరాక, బడి ఉప్మా

పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన పేజీ ఇదే. పైన "మధ్యాహ్న ఉప్మా, వందమంది పిల్లలకు" అని ఉంది. గోధుమ నూక 8 కిలోలు, నూనె 700 గ్రాములు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఆవాలు, ఉప్పు. పిల్లకి 80 గ్రాముల నూక, 7 గ్రాముల నూనె. ఇది కేర్ సరుకుతో చేసింది. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 కింద వచ్చిన ధాన్యం, నూనె కేర్ సంస్థ ద్వారా మన బళ్ళకి చేరేవి. మా అప్ప వయసువాళ్ళెవరినడిగినా రుచి చెప్పేస్తారు గానీ, ఈనాటి గోధుమ రవ్వతో చేసి పెడితే "ఇది కాదు" అంటారు.

కాకపోవడానికి కారణం ఉంది. అప్పుడొచ్చింది బల్గర్. గోధుమల్ని ముందు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత నూక పడతారు. ఇప్పుడు కొట్లో దొరికే రవ్వ పచ్చి గోధుమని విరిచింది. రెండూ నీళ్ళు పీల్చే తీరు వేరు, నమిలే తీరు వేరు.

కాబట్టి బల్గరే చేద్దామనుకున్నాం, బొబ్బిలి ఎండలుండగా ఇంకేం కావాలి. రెండు కిలోల గోధుమలు కడిగి, మునిగేదానికి పైన నాలుగు వేళ్ళ నీళ్ళు పోసి, గింజ మెత్తబడేదాకా ఉడికించాం. పగలకూడదు, పగిలితే జిగురొస్తుంది. వార్చి మేడ మీద గుడ్డ పరిచి ఎండబెట్టాం. గింజ పంటికింద టక్కున విరిగేదాకా ఎండాలి, లోపల తడుంటే తిరగలికి అతుక్కుంటుంది. తర్వాత తిరగలి. పిడి పట్టుకుని తిప్పుతుంటే పెద్దమ్మ పక్కనుంచి గింజలు పోస్తూ, "ఒకేపాలి పోసెయ్యకు, పాటకి తగ్గట్టు పోయాల" అని పాట కూడా ఎత్తుకుంది. జల్లెడలో సన్నపిండి తీసేసి, నూక మాత్రం ఉంచాం. ఆ పిండి రొట్టెల్లోకి పోయింది.

పెద్ద గిన్నెడు నూకకి రెండు గిన్నెల నీళ్ళు సరిపోయాయి. పచ్చి రవ్వకి మూడు కావాలి. పలుకు పలుకు విడివిడిగా వచ్చింది, నమిలితే గోధుమ వాసన. అప్పకి డబ్బాలో పెట్టి పంపితే వెంటనే ఫోన్ వచ్చింది. "ఇదేనే. నూనె మాత్రం అది కాదు" అంది. అప్పుడొచ్చింది సోయా నూనె. సోయా నూనెతో మళ్ళీ చేశాం.

ఇక్కడ ఇంకొకావిడ గురించి చెప్పాలి. ఆ బళ్ళో ఏళ్ళ తరబడి ఈ ఉప్మా వండిన ఆయమ్మ. కోట వెనకాల వీధుల్లో ఉంటున్నారని తెలిసి వెళ్ళాం. కళ్ళు సరిగా కనపడటం లేదు, మాట మాత్రం గట్టిగా ఉంది. వంద మందికి వండేటప్పుడు నూక ఒకేసారి పోస్తే అడుగున గడ్డ కడుతుందని, ఇద్దరుండాలని, ఒకరు పోస్తుంటే ఒకరు తెడ్డు తిప్పాలని చెప్పారు. నీళ్ళు మరిగాక మంట తీసేసి, నిప్పుల మీదే మగ్గనివ్వాలట. కరచాలనం బొమ్మున్న నూనె డబ్బాలు ఖాళీ అయితే ఊళ్ళోవాళ్ళు నీళ్ళకి పట్టుకెళ్ళేవారని, సంచులు ఉతికి చిన్నపిల్లలకి జుబ్బాలు కుట్టేవారని చెప్పారు. "పుస్తకంలో ఏసీనారంతావా? నన్నెవులూ అడగనేదే" అన్నారు. ఆ పేజీ కింద టీచరు గారి పేరు ఒక్కటే ఉంది. కొత్త పుస్తకంలో వండినది ఆయమ్మ అని, ఆవిడ పేరుతో, మొదట వస్తుంది. చదివి వినిపిస్తే ఇంటి పేరు సరిచేసి, వేలిముద్ర వేసి ఇచ్చారు.

వైశాఖం, మిగిలినవి

చోడి (రాగి) అంబలి తేలిగ్గా అయిపోయింది. రాత్రి పిండి నీళ్ళలో కలిపి పులవబెట్టి, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా పోసి, గడ్డకట్టకుండా తిప్పి, చల్లార్చి మజ్జిగ, ఉల్లిపాయ. చోళ్ళలో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంది. పులిస్తే గింజలోని ఫైటేట్ తగ్గి ఆ ఖనిజాలు ఒంటికి బాగా పడతాయి. 2023లో బళ్ళలో రాగిజావ ఇవ్వడం మొదలయ్యాక పిల్లలకి చోళ్ళ రుచి కొత్తేం కాదు, అందుకే ఈ పేజీ ముందుకి తెస్తున్నాం. మేం వాడినవి వేగావతి రకం చోళ్ళు. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాల్లో ఇదొకటి, మన నది పేరే పెట్టారు. చంపావతి పేరుతోనూ ఒకటుంది.

తెలగపిండి, మునగాకు కూర మాత్రం మూలపదార్థం దగ్గర ఆగింది. ఎక్స్‌పెల్లర్ మిల్లులో నూనె బాగా పిండేస్తారు, పిండి పొడిపొడిగా ఉండి పశువుల దాణా కింద పోతుంది, శుభ్రం సంగతి చెప్పలేం. చెక్కగానుగ పెట్టినవాళ్ళ దగ్గర, తినడానికని ముందే చెప్పి తెచ్చుకున్నది బాగుంది, నూనె చెమ్మ చేతికి తగిలింది. పేజీ కింద "తినడానికి ఆడిన గానుగపిండే వాడాలి" అని లావు అక్షరాల్లో వేస్తాం. బాలింతలకి పెట్టే కూర ఇది, అక్కడ సందేహం ఉండకూడదు.

మామిడి తాండ్ర పేజీ ఇంకా మేడ మీదే ఉంది. భీమాళిలో తాండ్ర పోసేవాళ్ళ దగ్గరికెళ్ళి చూసొచ్చాం. చాప మీద రసం ఒక పొర పోసి, అది ఎండాకే తర్వాతి పొర. పుస్తకంలో "పది పొరలు" అని ఉంది. మాది ఇంకా సగంలో ఉంది, మబ్బు పడితే చాప లోపలికి. తొలకరి లోపల అవ్వకపోతే ఈ పేజీ కొత్త వివరాలు లేకుండా పాతదే వేస్తాం, వండని దానికి కొలత రాయం.

ప్రెస్సుకి వెళ్ళే ముందు

టైపు పూర్తయింది. ప్రెస్సులో పాత డీటీపీ ఫాంటులోకి మారిస్తే వత్తులు చెదురుతున్నాయి. యూనికోడ్‌లోనే పేజీలు పెట్టి పీడీఎఫ్ ఇస్తామని ఒప్పించాం. పాత పాఠం పెద్ద అక్షరాల్లో, మా తూకాలూ వివరాలూ దాని కింద చిన్న అక్షరాల్లో. వంట పేరు పక్కనే రాసినావిడ పేరు, అదే సైజులో. దీని మీద కొంచెం వాదన జరిగింది, పేరు కింద చిన్నగా పెడితే పేజీ అందంగా ఉంటుందని లేఅవుట్ చేసే అబ్బాయి అన్నాడు. పేరు చిన్నది చెయ్యడం కుదరదన్నాను. అతను వంట పేరే కాస్త తగ్గించి సర్దాడు, బాగుంది.

లేని నాలుగు పేజీలకి చోటు వదులుతున్నాం. విషయసూచిక బట్టి అందులో ఉన్నవి చింతచిగురు పప్పు, గుమ్మడి వడియాలు, ఉల్లావకాయ. ఈ పుస్తకం ఇంకో ప్రతి ఎవరింట్లోనైనా, అటకమీద ట్రంకుపెట్టెలోనైనా ఉంటే ఆ మూడూ తర్వాతి ముద్రణలో చేరతాయి. వడియాలు పెద్దమ్మ చెప్పింది రాయగలం, కానీ అది ఆ తల్లి రాసింది అవదు కాబట్టి ఆ చోట్లో వెయ్యం.

సోమవారం కాగితం చూడాలి. 80 జీఎస్ఎం మ్యాప్‌లితో అనుకుంటున్నాం, మెరిసే ఆర్ట్ పేపరు వద్దు, తడిచేత్తో తిప్పితే అంటుకుంటుంది. బైండింగు మాత్రం దారంతో కుట్టిందే కావాలి. జిగురు బైండింగు చవకే గానీ, పొయ్యి పక్కన తెరిచి పెడితే మూసుకుపోతుంది, రెండు చేతులూ పిండిలో ఉన్నప్పుడు పేజీ పట్టుకునేవాళ్ళెవరు? ప్రెస్సాయన రెండు రకాలూ నమూనా కుట్టి ఉంచుతానన్నాడు. రెండూ ఇంటికి తెచ్చి, పులుసు పెడుతూ తెరిచి చూసి, అప్పుడు చెప్తాం.